బీకన్ వేళకు మేలుకోని వైఫై డ్రైవర్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మీ కంపెనీ లినక్స్ వేసి అమ్మిన లాప్‌టాప్‌ను గత దసరాకు కొన్నాను. మా ఇంటి ప్రింటర్ దానికే కలిపి ఉంటుంది. లాప్‌టాప్‌ను కాసేపు ముట్టుకోకుండా ఉంచితే చాలు, ఇంట్లోని మిగతా ఫోన్లకూ కంప్యూటర్లకూ అది కనబడకుండా పోతుంది. విచిత్రమేమిటంటే, అప్పుడే దాని ముందు కూర్చున్నవారికి ఇంటర్నెట్ బాగానే వస్తుంది.

మీ సర్వీస్ సెంటర్ వారు తప్పు రౌటర్‌దే అన్నారు. వారి మాట నమ్మి కొత్తది కొన్నాను, ఫలితం లేదు. చివరికి మరో కంప్యూటర్‌ను మానిటర్ మోడ్‌లో, అంటే చుట్టుపక్కల వైఫై సందేశాలన్నీ వినే పద్ధతిలో, పెట్టి నేనే పరిశీలించాను. రౌటర్ 102.4 మిల్లీసెకన్లకొక బీకన్ (తన ఉనికిని చాటే చిన్న సందేశం) పంపుతూ, పవర్ సేవింగ్ కోసం వైఫై రేడియో ఆపుకొని నిద్రలో ఉన్న ఏ పరికరానికి డేటా ప్యాకెట్లు దాచి ఉంచిందో అందులో తెలుపుతుంది. అందరికీ ఉద్దేశించిన బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్లను మాత్రం డీటిమ్ అనే బీకన్ వెనకాలే ఒక్కసారి వదిలేస్తుంది కనుక, ఆ క్షణానికి రేడియో మేలుకొని లేకపోతే అవి పోయినట్టే. నేను పట్టిన ఫ్రేమ్‌లలో (వైఫై సందేశాలలో) బీకన్‌లోని బ్రాడ్‌కాస్ట్ బిట్ 1గా ఉంది, అంటే బ్రాడ్‌కాస్ట్ రాబోతోందని గుర్తు, వెంటనే ఈ ఐపీ చిరునామా ఎవరిదని అడిగే ఏఆర్‌పీ ప్రశ్న వెళ్ళింది, మీ లాప్‌టాప్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. రౌటర్‌లో డీటిమ్ విలువను 3 నుంచి 1కి తగ్గించి, మూడింటికొకటి కాక ప్రతి బీకన్‌నూ డీటిమ్ చేసినా ఇదే తీరు. లాప్‌టాప్‌లో వైఫై పవర్ సేవింగ్ ఆపగానే పింగ్‌కు (ఉన్నావా అని అడిగే పరీక్ష సందేశానికి) 4 మిల్లీసెకన్లలో జవాబు వచ్చింది.

ఇది చూపిస్తే, పవర్ సేవింగ్ ఆపేసుకోమని సలహా ఇచ్చారు. లాప్‌టాప్ నిద్రలోంచి లేచిన ప్రతిసారీ, వైఫై కార్డును నడిపే మీ డ్రైవర్ ప్రోగ్రామ్ దాన్ని మళ్ళీ ఆన్ చేస్తోంది, ఆ సంగతి అలా ఉంచండి. మీ ప్రకటనలో చెప్పిన బ్యాటరీ గంటలను పవర్ సేవింగ్ ఆపి లెక్కగట్టారా?

డీటిమ్ బీకన్ వేళకు తప్పక మేలుకొనేలా డ్రైవర్‌ను గానీ కార్డులోనే నడిచే ఫర్మ్‌వేర్‌ను గానీ సరిచేసి పంపాలని, అది వీలుకాకపోతే వైఫై కార్డును ఉచితంగా మార్చి ఇవ్వాలని, అనవసరంగా కొనిపించిన రౌటర్ ఖరీదును తిరిగి చెల్లించాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. రెండు బిల్లుల నకళ్ళు, ఫ్రేమ్‌ల క్యాప్చర్ ఫైలు జతచేశాను. ఆ ఫైలును దయచేసి సర్వీస్ సెంటర్‌కు కాక, డ్రైవర్ రాసేవారికి పంపండి.

ఇట్లు,
మీ వినియోగదారు