రబ్బరు గుంజి అతికించొద్దు చిన్నా

చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వు "ఆ పాత పద్మిని కారు అమ్మేద్దామమ్మా, వాన పడ్డప్పుడల్లా లోపలికి నీళ్లే" అన్నప్పుడు నేను ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు నా కళ్లతో చూసి నీకు చెప్పాలనుకున్నాను. చూశాను. పదిహేను రోజులు పట్టింది. నాలుగు డోర్లకూ డిక్కీకీ అంచుల చుట్టూ నీళ్లు ఆపే బీడింగ్ రబ్బరు మొత్తం కొత్తది వేశాం, పక్కింటి పిల్లగాడు సాయం చేశాడు. ముందు అద్దం ఒక్కటే మిగిలింది, దానికి నువ్వు కావాలి.

బండి పాతదైనందుకు నీళ్లు రావట్లేదు బిడ్డా. రెండేండ్ల కింద మనం బయట వేయించాం చూడు, ఆ రబ్బరు గుంజి అతికించారు. డ్రైవర్ వైపు డోరు తెరిచి చూస్తే అతుకు సరిగ్గా మీద, తల దగ్గర పెట్టి ఉంది, రెండు కొసల మధ్య నా బొటనవేలు పట్టేంత సందు. వేసిన రోజు ఆ కొసలు కలిసే ఉండుంటాయి. గుంజి అతికించిన రబ్బరు ఎండకూ వానకూ మెల్లగా తన పొడుగుకు తాను వచ్చేస్తుంది, అప్పుడు అతుకు విడిపోతుంది, మూలల్లో పలచబడుతుంది, అక్కడ డోరు ఆనదు. ఇన్నేండ్లు జాకెట్లు కుట్టిన నాకు ఇది ఒకరు చెప్పాల్నా? మెడకు పైపింగ్ గుంజి కుడితే మెడంతా ముడుచుకుపోతుంది, వంపు దగ్గర పట్టీని కొంచెం వదిలి పట్టుకుంటేనే చక్కగా కూర్చుంటుంది. రబ్బరూ అంతే.

రబ్బరు కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోయాను. పాత రబ్బరులో సీటు కింది వైపు, ఎక్కువ నలగని చోట జానెడు ముక్క కోసుకొని పోయాను, కొలతకు అదే ఆధారం. కొంచెం మందంగా ఉంటే ఇంకా మంచిదే కదా అనుకుంటాం గానీ, మందం ఎక్కువైతే డోరు పడదు, పడేసరికి తాళం కొక్కెం అరిగిపోతుంది. ఈపీడీఎం అనే రబ్బరు అడిగి తీసుకున్నాను, మామూలు రబ్బరు ఎండకు, గాలిలో ఉండే ఓజోన్‌కు పగుళ్లిస్తుంది, ఇది చాలా కాలం తట్టుకుంటుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే మన నల్లగొండలో రేకుల షెడ్డు కింద నిలబడే బండికి అదే కావాలి. ఒక్కో డోరుకు 11 అడుగుల చిల్లర పట్టింది.

అన్నిటికన్నా కష్టం పాత గమ్ తీయడం. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, ప్లాస్టిక్ స్కేలుతో గీకి, థిన్నర్ గుడ్డతో తుడిచాం, పెయింట్ పోకుండా కొంచెం కొంచెంగా. కింద రెండు చోట్ల చిలుము పట్టింది. ఇనుప బ్రష్‌తో రుద్ది, ఎమిరీ పేపర్ పట్టి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, దాని మీద పెయింట్ వేసి రెండు రోజులు ఆరనిచ్చాం. చిలుము మీద గమ్ రాస్తే గమ్ చిలుముకు అతుక్కుంటుంది, బండికి కాదు. డోర్ల అడుగున చిన్న చిన్న రంధ్రాలుంటాయి, అవి మట్టితో మూసుకుపోయి ఉన్నాయి, పుల్లతో తీస్తే ఎడమ వైపు వెనక డోరు నుంచి చెంబెడు నీళ్లు కారాయి! అద్దం పక్క నుంచి డోరు లోపలికి కొంచెం నీళ్లు దిగడం మామూలే, ఆ రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. వాటిని ఎప్పుడూ మూయకు.

అతికించేది పొద్దున పూటే. మధ్యాహ్నం ఎండకు గమ్ పట్టకముందే ఎండిపోతుంది. రబ్బరుకూ డోరుకూ రెండిటికీ గమ్ రాసి, వేలు పెడితే అంటకుండా ఉండేదాకా ఆగాలి, మాకు పది నిమిషాలు పట్టింది. అతుకు కింద గడప దగ్గర పెట్టాను. కొలతకన్నా అరంగుళం ఎక్కువ కోసి, రెండు కొసలూ ఒకదాన్నొకటి నెట్టుకునేట్టు కుదించి అతికించాను. రాత్రంతా డోర్లు మూసే ఉంచాం. ఇప్పుడు డోరు కొంచెం గట్టిగా పడుతుంది, టెన్షన్ పడి కొక్కెం సర్దకు, రెండు వారాల్లో రబ్బరు నలిగి సర్దుకుంటుంది.

తర్వాత నా కుట్టు సుద్ద రబ్బరు మీద రుద్ది, డోరు మూసి తెరిచి చూశాను, బండి మీద తెల్ల గీత ఎక్కడ తెగితే అక్కడ ఆనట్టు లెక్క. ఒక మూల తెగింది, తీసి మళ్లీ వేశాను. ఆఖరికి పిల్లగాణ్ని టార్చితో లోపల కూర్చోబెట్టి, కింది నుంచి మొదలుపెట్టి పైకి పైపుతో నీళ్లు కొట్టాను. ముందే మీద కొడితే నీళ్లు అంతటా కారి ఎక్కడి నుంచి దిగుతున్నాయో తెలీదు.

డోరు మూసినప్పుడు మళ్లీ ఆ మెత్తటి 'దబ్' చప్పుడు వస్తోంది చిన్నా. మీ నాయిన ఉన్నప్పటి చప్పుడు. సాగర్ గేట్లు ఎత్తారంటే మనల్నందర్నీ ఎక్కించుకొని బయలుదేరేవాడు, నువ్వు ముందు సీట్లో నిలబడి స్టీరింగ్ పక్కనున్న గేర్ రాడ్ పట్టుకుంటానని ఏడ్చేవాడివి. ఆ చప్పుడు విని నేను కాసేపు అట్లనే బండిలో కూర్చున్నాను. ఇప్పుడు అమ్ముదామా అంటే నాకు మనసొప్పదు, ఈ మాట ఫోన్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు నడిపినప్పుడు ఆ రబ్బరుకు గ్రీసు గానీ నూనె గానీ కిరోసిన్ గానీ తగలనివ్వొద్దు, ఉబ్బి చెడిపోతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, ఆరాక కొంచెం టాల్కం పౌడర్ రాస్తే చాలు.

ఇక ముందు అద్దం. పద్మినిలు తయారైంది నువ్వుండే ముంబయిలోనే, కుర్లాలో, 2023 అక్టోబర్ వరకు అక్కడ టాక్సీలుగా తిరిగాయి కాబట్టి సామాను నీకే దొరకాలి. ముందు అద్దం రబ్బరు అని అడుగు, మనది 1985 బండి అని చెప్పు. మడిచి చూడు, మడత మీద సన్న పగుళ్లు కనిపిస్తే అది ఏండ్ల తరబడి షాపులో పడున్న సరుకు, వద్దను. దసరాకు తీసుకురా. అద్దానికి రబ్బరు తొడిగి, దాని గాడిలో నైలాన్ తాడు చుట్టి, సబ్బు నీళ్లు రాసి బయటి నుంచి ఆనించాలి. నేను లోపల కూర్చొని తాడు మెల్లగా లాగుతుంటే రబ్బరు అంచు లోపలికి ఎక్కుతుంది, నువ్వు బయట అరచేతులతో అద్దం నొక్కి పట్టుకోవాలి. పిల్లగాడి చేతులు ఇంకా చిన్నవి, వాడితో కాదు. పండుగకు రెండు రోజులు ముందే రా.

మీ అమ్మ
నల్లగొండ