పాంపీ గోడల గురించి మూర్తికి

ఒరేయ్ మూర్తీ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మా, పిల్లలూ కులాసానా? మొన్న ఫోన్లో "గోడల మీద ఎవరో గీకిన గీతలు కూడా చరిత్రేనంట్రా?" అని అడిగావు కదా. అప్పుడు బస్సు గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక గొడవ సంగతి చెప్తాను. పాంపీ అంటే ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు బూడిదలో పూడిపోయిన పాత రోమన్ ఊరు. క్రీ.శ. 59లో అక్కడి ఆంఫీథియేటర్‌లో, అంటే చుట్టూ మెట్లున్న గుండ్రటి మైదానంలో, ఆయుధాలతో తలపడే గ్లాడియేటర్ల పోటీలు జరుగుతున్నాయి. చూడ్డానికి పక్క ఊరు నుకేరియా నుంచి కూడా జనం వచ్చారు. వాళ్లకీ ఊరివాళ్లకీ మాటా మాటా పెరిగింది, రాళ్లు రువ్వుకున్నారు, కత్తులు దూసుకున్నారు. చాలా ప్రాణాలు పోయాయి. వ్యవహారం రోమ్‌లోని పెద్దల సభ, సెనేట్ దాకా వెళ్లి, పదేళ్లపాటు పాంపీలో అలాంటి పోటీలు పెట్టకూడదని తీర్పొచ్చింది. ఇదంతా రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసి పెట్టాడు కాబట్టి మనకి తెలుసు. అయితే ఆయన రాసింది గొడవ జరిగి యాభై ఏళ్లు దాటాక.

1869లో ఏమైందంటే, తవ్వకాల్లో ఒక ఇంటి గోడ మీద ఆ గొడవ బొమ్మే బయటపడింది! ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఆకాశంలోంచి చూస్తున్నట్టు ఆంఫీథియేటర్ మొత్తం కనిపిస్తుంది. పైన ఎండ తగలకుండా కట్టిన పరదా, బయటి మెట్లు, చెట్ల కింద అంగళ్లు, లోపలా బయటా కలబడి కొట్టుకుంటున్న మనుషులు. ఆ పరదా, ఆ అంగళ్లు టాసిటస్‌లో లేవు. వాటికన్నా నన్ను పట్టేసిన విషయం ఇంకొకటి. ఊరికి అంత మచ్చ తెచ్చిన గొడవని ఒకాయన డబ్బులిచ్చి మరీ ఇంట్లో వేయించుకున్నాడు. సిగ్గుపడేవాడు ఆ పని చేస్తాడా? నాకు మాత్రం అందులో గర్వమే కనిపిస్తుంది. వేరే గోడ మీద "నుకేరియా వాళ్లకి చెడు జరగాలి" అని ఎవరో గీకిన రాత చూశాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. సెనేట్ ఏమనుకుందో టాసిటస్ చెప్పాడు. ఊళ్లో జనం మనసులో ఏముందో తెలియాలంటే ఈ గోడల దగ్గరికే రావాలి.

ఇంకో గోడ. ఒక మద్యం దుకాణం దగ్గర ఇద్దరు మగవాళ్లు రాతలతోనే పోట్లాడుకున్నారు. సక్సెసస్ అనే నేతగాడు సత్రం యజమానురాలి బానిస పిల్ల ఐరిస్‌ని ప్రేమిస్తున్నాడనీ, ఆ పిల్ల అతన్ని పట్టించుకోవట్లేదనీ సెవెరస్ అనే పోటీదారు రాశాడు. సక్సెసస్ ఊరుకోలేదు. అసూయతో పగిలిపోతున్నావు, నీకన్నా అందగాడి జోలికి రాకు అని కింద జవాబు రాశాడు. సెవెరస్ మళ్లీ వచ్చి, నేను చెప్పాల్సింది చెప్పాను, ఐరిస్‌కి నువ్వక్కర్లేదు అని ముగించాడు. ఒక నేతగాడికీ అతని పోటీదారుకీ చదవడం, రాయడం, ఎదుటివాడి మాట తిప్పికొట్టడం వచ్చని దీంతో తేలిపోయింది కదా. కానీ ఐరిస్ రాసిన మాట ఒక్కటి కూడా లేదు. ఆ బానిస పిల్లకి నిజంగా ఏమనిపించిందో ఆ ఇద్దరి మాటల మీద నమ్మకం పెట్టుకుని చెప్పలేం. ఆ రాతలు చదివిన ప్రతిసారీ నాకు ఆ పిల్ల గురించే బెంగగా ఉంటుంది.

ఎన్నికల రాతలైతే 2,500కు పైగా దొరికాయి. ఇవి గీకినవి కావు, మన ఊళ్లలో ఎన్నికలప్పుడు పెయింటర్లు గోడల మీద రంగుతో రాసేవాళ్లు కదా, అచ్చం అలాంటివి. ఎమిలియస్ కెలెర్ అనే రాతగాడు తాను వెన్నెల్లో ఒక్కడే రాశానని సంతకం కూడా పెట్టుకున్నాడు. ఓటు హక్కు లేని ఆడవాళ్ల పేర్లతో కూడా మద్దతు ప్రకటనలున్నాయి. ఇక్కడ జాగ్రత్త కావాలి సుమా. వాతియా అనే అభ్యర్థి గురించి "చిల్లర దొంగలంతా వాతియాకే మద్దతు" అని ఒకటుంది. అది వాతియా మనుషులు రాసింది అయ్యుండదు, ప్రత్యర్థుల పనే అనిపిస్తుంది.

రంగుల విషయంలోనూ అంతే. పాంపీ గోడల మీద అందరూ మెచ్చుకునే ఎరుపు రంగులో కొంత మొదట పసుపేనట, అగ్నిపర్వతం వేడికి ఎర్రబడిందట.

వెసూవియస్ పేలింది క్రీ.శ. 79 ఆగస్టు 24న అని చదువుకున్నాం కదా? ఆ పేలుడుని కళ్లారా చూసిన రోమన్ రచయిత ప్లినీ ఉత్తరాల నకళ్లలో ఉన్న తేదీ అది. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన తేదీ దొరికింది. మన లెక్కలో అక్టోబర్ 17. బొగ్గు రాత ఎక్కువ కాలం నిలవదు కాబట్టి అది ఆ ఏడాదిదేననీ, పేలుడు శరదృతువులో జరిగిందనీ చాలామంది వాదించారు. సంవత్సరం రాయలేదు కాబట్టి ఇంకొందరు ఒప్పుకోలేదు. నాకు మొదటి వాదమే సబబుగా ఉంది.

నాకు కోపం తెప్పించేది చెప్పనా? 1748లో తవ్వకాలు మొదలెట్టినవాళ్లు నచ్చిన బొమ్మలని గోడల నుంచి కోసి రాజుగారి మ్యూజియానికి పట్టుకుపోయారు. ఏ గదిలో, ఏ గుమ్మం ఎదురుగా ఉండేదో తెలియకపోతే బొమ్మ చెప్పగలిగే దాంట్లో సగం పోయినట్టే. 1860ల్లో తవ్వకాల బాధ్యత తీసుకున్న ఫియొరెల్లి వచ్చి ప్రతి పేటకీ, ప్రతి గుమ్మానికీ నంబర్లు ఇచ్చాడు. ఆయనకి నేను రోజూ దణ్ణం పెట్టుకోవాలి. గీకిన రాతల్లో చాలా మటుకు ఎండకీ వానకీ రాలిపోయాయి. 1871లో అచ్చైన లాటిన్ శాసనాల సంపుటంలో నకళ్లు రాసుకోబట్టి ఆ మాటలు ఇప్పటికీ చదవగలుగుతున్నాం.

నీకు ఇంకా అనుమానాలుంటే రాయి, ఫోన్లో వద్దు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
సుబ్బు