కౌన్సెలింగ్ బోర్డు కట్టే ముందు

సంపాదక మహాశయులకు నమస్కారం.

నలభై దాటాక ఉద్యోగం వదిలి కౌన్సెలింగ్ ప్రాక్టీసు పెట్టాలనుకునే టీచర్లు, బ్యాంకు, ఐటీ ఉద్యోగులు ఎక్కువవుతున్నారు. పత్రికల కెరీర్ పేజీల్లో వాళ్లకు కోర్సు పేరు, ఫీజు దొరుకుతున్నాయి గానీ ఆ తర్వాతి సంగతులు కనిపించడం లేదు. ఈ రంగంలో కొత్తవారికి శిక్షణ ఇచ్చేవాళ్లుగా కొన్ని విషయాలు రాస్తున్నాం.

ముందు చదువు. ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ కట్టేద్దామంటే ఇప్పుడు కుదరదు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీలో దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలు ఆపేయమని యూజీసీ ఆదేశించింది. రెండేళ్లు కాలేజీకి వెళ్లాల్సిందే. ఇదే అదనుగా ఆరు వారాంతాల సర్టిఫికెట్లు అంటగట్టేవాళ్లు బయల్దేరారు. వాటి బలంతో ప్రాక్టీసు పెట్టడం ప్రమాదం. ఇంకోటి, పునరావాస రంగ నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు బోర్డు మీద ‘క్లినికల్ సైకాలజిస్టు’ అని రాసుకోకూడదు. ఉత్త ఎం.ఏ. దానికి చాలదు.

చదువు కన్నా కష్టమైంది పాత ఉద్యోగం అలవాట్లు వదిలించుకోవడం. ‘మా అత్తగారు మూడు నెలలుగా నాతో మాట్లాడటం లేదండీ’ అని ఒకావిడ అంటుంది. టీచరుగా చేసినావిడైతే ‘పెద్దావిడ కదమ్మా, నువ్వే ఓ మెట్టు దిగు’ అనేస్తారు. ఐటీ మేనేజరు కాగితం తీసి కారణాలు ఒకటి, రెండు అని రాస్తాడు. బ్యాంకాయన ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేద్దామంటాడు. ఆవిడ ఇంకా అసలు సంగతి చెప్పనే లేదు! ‘మూడు నెలల కిందట ఏమైంది?’ అని అడిగి, ఆవిడ నిమిషం సేపు పలక్కపోయినా ఓపికపట్టి ఊరుకోవాలి. ఆ నిమిషం ఓర్చుకోవడం సూపర్‌విజన్‌లోనే, అంటే మన సెషన్లు ఎలా జరిగాయో సీనియర్‌కు చెప్పి దిద్దించుకోవడంలోనే వస్తుంది. కొత్తలో ప్రతి ఐదారు సెషన్లకు ఒక గంట దానికి కేటాయించాలి, డబ్బిచ్చయినా సరే.

మనవాళ్లు ‘దిగులుగా ఉంది’ అని రారు. గుండెదడ, తలబరువు, నిద్ర పట్టడం లేదు అంటూ వస్తారు. అందుకే ముందు డాక్టరుకు చూపించుకున్నారా, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు అయ్యాయా అని అడగాలి. చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా విపరీతమైన హుషారుతో ఉన్నా సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. మందులు మానేయమని కౌన్సెలర్ ఎప్పుడూ చెప్పకూడదు. చావు గురించి మాట్లాడితే మాట మార్చకుండా, ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి, ఒంటరిగా పంపకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 గోడ మీద ఉండాలి.

తెలుగులో ఒక పేజీ అంగీకార పత్రం మొదటి రోజే సంతకం చేయించుకోవాలి. గోప్యత ఎప్పుడు తప్పుతుందో అందులో ఉండాలి: ప్రాణాపాయం, కోర్టు ఆదేశం, పిల్లలపై లైంగిక దాడి. చివరిది తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో చట్టం ప్రకారం నేరం. ఫీజు కట్టే తండ్రి ‘మావాడు ఏం చెప్పాడండీ?’ అని అడగక మానడు. ఆయనకు ఏం చెప్తారో, ఏం చెప్పరో ముందే తేల్చుకుంటే గొడవ ఉండదు.

గది చిన్నదైనా మాట బయటికి పోకూడదు. తలుపు బయట ఒక ఫ్యాను తిరుగుతుంటే చాలావరకు సరిపోతుంది. కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా వేయాలి. గడియారం కౌన్సెలర్‌కు కనబడేలా, వచ్చినవాళ్ల వెనక గోడకు ఉండాలి. ఇంటి ముందుగది వద్దు. చిన్న ఊళ్లో గేటు దగ్గర చెప్పులు చూసి కూడా ఎవరొచ్చారో పోల్చేస్తారు.

ఇక డబ్బు. సెషన్‌కు 800 రూపాయలు, వారానికి 8 మంది అనుకుందాం. నెలకు 32లో ఏడు రద్దయితే 25 సెషన్లు, 20,000. అద్దె 10,000, సూపర్‌విజన్ 5 గంటలకు 5,000 పోతే మిగిలేది 5,000. మొదటి ఏడాది ఆ 8 మంది రావడమే గగనం. అందుకే ఉద్యోగానికి అప్పుడే రాజీనామా చేయకుండా, ఎవరిదైనా క్లినిక్‌లో వారానికి రెండు సాయంత్రాలు గది అద్దెకు తీసుకుని మొదలుపెట్టడం మేలు. 24 గంటల ముందు చెప్పకుండా రాకపోతే సగం ఫీజు అన్న షరతు మొహమాటపడకుండా మొదటి రోజే చెప్పాలి.

ఇకపై మీ పేజీలో ఏ కౌన్సెలింగ్ కోర్సు గురించి వేసినా, అందులో సూపర్‌విజన్‌తో చేసే ప్రాక్టికల్ గంటలు ఎన్నో, చూసేది ఎవరో కూడా అడిగి రాయించమని మనవి.

ఇట్లు,
కౌన్సెలింగ్ శిక్షకులు, హనుమకొండ