మీ ప్రశ్న ఇకపై ఆ పేజీ రాసిన ఉపాధ్యాయులకే చేరుతుంది

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన పాఠశాల వెబ్‌సైటులోని ఫారం ద్వారా మీరు పంపే సందేశాలన్నీ ఇంతవరకు కార్యాలయపు ఈమెయిలుకే వచ్చేవి. మర్రిగూడ వైపు నుంచి ఒక తండ్రి, మా భౌతికశాస్త్రం మేడం బోరు నీటిలోని ఫ్లోరైడ్ గురించి రాసిన పేజీ చదివి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన నీటిని కాచి తాగవచ్చునా అని అడిగితే, ఫీజు రసీదులు రాసే గుమాస్తా ఏమని జవాబిస్తారు? (కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది.) అందువల్ల ఈ నెల నుంచి మీరు ఏ పేజీలో ఫారం నింపితే ఆ పేజీ రాసిన ఉపాధ్యాయులకే సందేశం నేరుగా వెళుతుంది, ఒక ప్రతి కార్యాలయంలోనూ ఉంటుంది.

మన సైటు వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైటు తయారీ సాఫ్ట్‌వేర్‌లోనూ, ఫారం దానికి జతచేసే కాంటాక్ట్ ఫామ్ 7 అనే చిన్న ప్రోగ్రాముతోనూ తయారైనవి. పేజీ ఎవరి ఖాతాలో ఉన్నదో సైటుకు తెలుసు కనుక, సందేశం పంపే క్షణంలో ఆ ఖాతాలోని ఈమెయిలు చిరునామాను సర్వరే (సైటును నడిపే కంప్యూటరే) తీసుకుంటుంది. అన్ని పేజీల అంచునా ఒకేలా కనిపించే పక్కపట్టీలో పెట్టిన ఫారానికి తాను ఏ పేజీకి చెందినదో తెలిసే వీలు లేనందున, దానిని ప్రతి పేజీలో పాఠం కిందనే ఉంచాము. ఉపాధ్యాయుల సొంత చిరునామాలను పేజీలోనే ముద్రిస్తే సరిపోతుంది కదా అని కొందరు సూచించారు గాని, నేను అంగీకరించలేదు. అలా కనిపించే చిరునామాలను ఏరుకొని ప్రకటనలు కుప్పలుగా పంపే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో నిత్యం తిరుగుతుంటాయి.

మీ ఈమెయిలు చిరునామాను మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. మీ జీమెయిల్ పేరుతో మా సర్వర్ ఉత్తరం పంపితే అది దొంగ ఉత్తరంగా భావించబడి స్పామ్‌లో పడే ప్రమాదం ఉన్నందున, పంపినవారి స్థానంలో పాఠశాల చిరునామా ఉంటుంది; మీరు ఫారంలో రాసిన చిరునామా జవాబు వెళ్లవలసిన చోటుగా జతపడుతుంది. అందులో ఒక్క అక్షరం తప్పినా ఉపాధ్యాయుల జవాబు మీకు అందదు.

ఎవరైనా ఉపాధ్యాయులు బడి విడిచి వెళితే, వారి పేజీలను అదే సబ్జెక్టుకు వచ్చినవారి ఖాతాకు మారుస్తాము. ఫీజులు, టీసీలు, బస్సుల పేజీలు కార్యాలయం పేరనే ఉన్నాయి కనుక వాటిలో ఏ మార్పూ లేదు. మార్కుల గురించి, పిల్లల ఆరోగ్యం గురించి ఫారంలో రాయకుండా తరగతి ఉపాధ్యాయులను కలిసి మాట్లాడండి. పిల్లలకు జ్వరం వచ్చి బడికి పంపలేని రోజున ఉదయం ప్రార్థనకు ముందే కార్యాలయానికి ఫోన్ చేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
నల్లగొండ