మధ్య పుస్తకాన్ని దాటేయమంటే ఎలా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ పుస్తకాల పేజీలో ఎన్.కె. జెమిసిన్ రాసిన 'బ్రోకెన్ ఎర్త్' మూడు నవలల మీద వచ్చిన వ్యాసం చదివాను. మొదటి భాగం గురించి బోలెడంత రాశారు, మూడోదాని గురించీ అంతే. రెండోదైన 'ది ఒబెలిస్క్ గేట్'కు దక్కింది నాలుగు ముక్కలు. కథ ముందుకు కదలదట, దాటేసినా నష్టం లేదట! నేను జియాలజీ చెప్పి రిటైరైన మనిషిని. ఫాంటసీల జోలికి పోయేదాన్ని కాదు, మనవరాలి పోరు పడలేక మొదలుపెట్టాను. ఇప్పుడు మళ్ళీ తీసి చదువుకునేది ఆ రెండోదాన్నే.

మొదటి భాగం చివర్లో కథానాయిక ఎస్సున్‌ను ఆమె గురువు అలబాస్టర్ చంద్రుడి గురించి ఒక ప్రశ్న వేస్తాడు. దానికి జవాబు మొదలయ్యేది ఇక్కడే. ఇది వదిలేసి మూడోది తెరిచినవాళ్ళకు ఎవరు దేనికోసం కొట్టుకుంటున్నారో ఏం అర్థమవుతుంది?

కదలదన్న మాట ఒక రకంగా నిజమే. ఖండం చీలిపోయింది, బూడిద కమ్మేసింది, కూతుర్ని వెతుక్కుంటూ బయల్దేరిన ఎస్సున్ భూమి లోపలి కాస్ట్రిమా అనే ఊళ్ళో ఆగిపోయింది. పెద్ద పెద్ద స్ఫటికాలే అక్కడ ఇళ్ళు. ఇక తిండి నిల్వలు, మాంసం కొరత, ఇక్కా అనే ఊరిపెద్ద నడిపే మీటింగులు. మంచం మీద కొంచెం కొంచెంగా రాయైపోతూనే పాఠం చెప్పే అలబాస్టర్. నాకు నచ్చింది ఇదే. ప్రళయం వచ్చిన రోజును చాలామంది రాశారు, ఆ తర్వాత సరుకులు ఎవరికి ఎంత అని తేల్చుకునే రోజుల్ని ఇంత ఓపికగా రాసినవాళ్ళు తక్కువ. ఇంతలో ఊరి మీదికి సైన్యం వస్తుంది. ఒరోజీన్లు తప్ప మిగతావాళ్ళు మాతో కలిసిపోవచ్చు అంటుంది. ఒరోజీన్లంటే భూకంపాలను ఆపగలిగే, తెప్పించగలిగే మనుషులు. ఆ ఊళ్ళోని యంత్రాలు నడుస్తున్నదే వాళ్ళు ఉండబట్టి. అయినా ఊరు ఓటింగుకు సిద్ధపడుతుంది! ఎవరు మనుషులో ఓట్లేసి తేలుస్తారా అని ఎస్సున్ అడ్డం తిరిగే ఘట్టం చదివి పుస్తకం కాసేపు పక్కన పెట్టేశాను.

ఇంకో పక్క కూతురు నస్సున్. తమ్ముణ్ణి చంపిన తండ్రితోనే ఆ పిల్ల దక్షిణానికి ప్రయాణం చేస్తుంది. నాన్నంటే ప్రేమా ఉంది, భయమూ ఉంది. ఆయన ముఖం చూసి, మూడ్ బాగుందనిపిస్తేనే నోరు విప్పుతుంది. ఆ అధ్యాయాల్లో ఉన్నంత టెన్షన్ సైన్యం వచ్చినప్పుడు కూడా లేదు.

నా సబ్జెక్టు గనుక ఒక మాట. 1815లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం పేలితే మరుసటి ఏడాది యూరప్‌లో, ఈశాన్య అమెరికాలో వేసవి సరిగ్గా రాలేదు, పంటలు పోయాయి. ఎండను అడ్డుకున్నది ముఖ్యంగా మేఘాలకు పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొరకు చేరిన గంధకపు తుంపరలు. అవి కొన్నేళ్ళలో తేలిపోతాయి. కాబట్టి ఒక్క కొండ పేలితే ఈ కథలోలాగా వేల ఏళ్ళ చలికాలం రాదు. జెమిసిన్ పేల్చింది కొండను కాదు, ఆరకుండా కక్కే చీలికను తెరిచింది. సైబీరియాలో సుమారు 25 కోట్ల ఏళ్ళ కిందట లావా లక్షల ఏళ్ళపాటు విడతలుగా పొంగింది. సముద్ర జీవజాతుల్లో చాలా భాగం అంతరించింది ఆ కాలంలోనే. ఆ లెక్కన ఆమె ఊహ మరీ గాలిలో మేడ కాదు.

లోపాలు లేవనను. ఒబెలిస్కులతో, అంటే ఆకాశంలో తేలే పెద్ద స్ఫటిక స్తంభాలతో, శక్తిని ఎలా కలపాలో చెప్పే పాఠాలు సాగుతాయి, అక్కడ నేనూ పేజీలు తిప్పాను. కానీ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు 2017లో ఉత్తమ నవలగా వచ్చింది దీనికే. ముందు ఏడాది మొదటిదానికి, తర్వాతి ఏడాది మూడోదానికి. వరుసగా మూడేళ్ళు ఆ అవార్డు అంతకుముందు ఎవరికీ రాలేదు.

చివరగా ఒక ఫిర్యాదు. కథే కదలదన్న వ్యాసకర్త, నస్సున్ తండ్రికి ఏమవుతుందో మాత్రం బయటపెట్టేశారు. మనవరాలి స్నేహితులు ఇద్దరు ఇంకా సగంలోనే ఉన్నారు, వాళ్ళ కోపం నా మీద పడింది. వచ్చేసారి వ్యాసం పైన ఒక హెచ్చరిక వేయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్