నాన్నగారికి ఆ షెడ్డు చూపించినవారికి

మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా లేత్ మిషన్ మీద పనిచేశారు. ఎడిన్‌బరోలోని మా ఇంటికి వచ్చిన మర్నాడే, "రేసు డ్రైవర్ రాన్ ఫ్లాక్‌హార్ట్ కారును పందేనికి సిద్ధం చేసిన షెడ్డు ఈ ఊళ్లోనే కదా, ఎక్కడుంది?" అని అడిగారు. నాలుగేళ్లుగా ఇక్కడున్న నాకు ఆ పేరే తెలియదు. ఆటోనగర్‌లో నాన్నగారి షెడ్డు గోడకు అంటించి ఉండే నీలం రంగు జాగ్వార్ డి-టైప్ రేసు కారు బొమ్మ మాత్రం చిన్నప్పటి నుంచీ గుర్తుంది.

ముందుగా, నేషనల్ లైబ్రరీలో కూర్చుని 1956 నాటి పత్రికలు వెతికిపెట్టిన మన తెలుగు విద్యార్థిని, నీకు కృతజ్ఞతలమ్మా. నువ్వు తెచ్చిన పేజీలు నాన్నగారికి చదివి వినిపించాను. ఎడిన్‌బరోలో పుట్టిన ఫ్లాక్‌హార్ట్, గ్లాస్గోకు చెందిన నినియన్ శాండర్సన్ ఆ ఏడాది జులైలో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల కార్ల పందెం గెలిచారు. నాన్నగారు అడిగిన షెడ్డు వారి ఎక్యూరీ ఎకోస్ జట్టుదే. ఆ జట్టుకు పందెంలో ఉన్నది ఒకే కారు, జాగ్వార్ డి-టైప్. జాగ్వార్ కంపెనీ సొంత కార్లు రెండు రెండో ల్యాప్‌లోనే ప్రమాదానికి గురయ్యాయి, మూడోది ఇంధనం గొట్టం పగిలి వెనకబడింది. "సొంత కంపెనీవాళ్లకే దక్కనిది షెడ్డువాళ్లకు దక్కింది" అంటూ నాన్నగారు ఆ ముక్క మళ్లీ చదివించుకున్నారు. 1957లో ఫ్లాక్‌హార్ట్ ఐవర్ బ్యూబ్‌తో కలిసి మళ్లీ గెలిచాడు. రెండో స్థానం కూడా ఆ జట్టుదే.

ఆ షెడ్డు ఉన్న సందు మర్చిస్టన్ మ్యూస్. వానలో తిరుగుతున్న మమ్మల్ని ఇంట్లోకి పిలిచి, టీ ఇచ్చి, చోటు చూపించిన పెద్దావిడకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆమె ఫోను చేస్తే పక్క వీధి నుంచి వచ్చిన విశ్రాంత మెకానిక్ గారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. నాన్నగారికి ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా డి-టైప్ డిస్క్ బ్రేకుల గురించి గంటన్నర మాట్లాడుకున్నారు. నేను అనువదించినది తక్కువే. అరచేతిని డిస్కుగా పెట్టి, రెండు వేళ్లతో నొక్కి చూపించుకున్నారు. పోటీకి వచ్చిన ఫెరారీలు అప్పటికింకా త్వరగా వేడెక్కి పట్టు తగ్గే పాతరకం డ్రమ్ బ్రేకులతోనే నడిచేవి. పొడవాటి దారి చివర బ్రేకు ఎంత ఆలస్యంగా వేయవచ్చన్నదే ఆ పందెంలో పెద్ద లెక్క అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఫ్లాక్‌హార్ట్ 1962లో ఆస్ట్రేలియాలో విమానం కూలి చనిపోయాడని మెకానిక్ గారు చెప్పినప్పుడు నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. సిడ్నీ నుంచి లండన్‌కు విమానంలో రికార్డు సమయంలో చేరాలని సిద్ధమవుతుండగా జరిగిందట. అప్పటికి అతనికి నలభై కూడా నిండలేదు. మెకానిక్ గారు నాన్నగారి భుజం మీద చెయ్యి వేశారు.

విడిపోయే ముందు ఆయన నాన్నగారి లేత్ మిషన్ ఫోటో అడిగారు. నాన్నగారు ఊరికి చేరగానే మిషన్ తుడిచి, పక్కన నిలబడి తీయించుకున్నారు. అయ్యా, ఆ ఫోటో పెద్దావిడ ఇంటి చిరునామాకు ఈ ఉదయమే పోస్టు చేశాను.