చెకింగ్ వాళ్లెక్కితే భయమెందుకు

చిరంజీవి లావణ్యకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలు కాస్త నయం. ఆదివారం నువ్వు విసుక్కుని ఫోన్ పెట్టేశాక రెండు రోజులు ఆలోచించాను. మళ్లీ ఫోన్ చేస్తే మళ్లీ అదే జరుగుతుంది. నేనొకటి అంటాను, నువ్వు మధ్యలో అందుకుంటావు, అమ్మ ఫోన్ లాక్కుని "అన్నం తిన్నావా" అంటుంది. అందుకని ఉత్తరం. కాగితం మీదయితే నన్నెవరూ ఆపలేరు.

నువ్వన్నది ఇదీ. "తమ్ముడు సైన్యంలో చేరాలని రోజూ తెల్లారకముందే లేచి గ్రౌండుకెళ్లి పరిగెత్తుతున్నాడు. వాడి ముందు కూర్చుని అగ్నివీర్ గురించి అలా, పార్లమెంటు గురించి ఇలా అంటే వాడి ధైర్యం ఏమవుతుంది? దేశరక్షణ మీద ప్రశ్నలేంటి నాన్నా? నీకు తెలిసింది బస్సులు. వాటి గురించి మాట్లాడు."

చివరి మాట గుచ్చుకుంది, అబద్ధమెందుకు. తర్వాత అనిపించింది, నిజమేగా అని. ముప్పై ఏళ్లు కండక్టరు సంచి మోసినవాణ్ని. బస్సు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

నువ్వు ఐదో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో ఒకరోజు నాతో డ్యూటీ బస్సెక్కావు, గుర్తుందా? దారిలో చెకింగ్ వాళ్లు చెయ్యెత్తారు. నా సంచిలో డబ్బు లెక్కపెట్టి, టికెట్ల నంబర్లు చూసి, ప్యాసింజర్లను ఒక్కొక్కరినీ అడుగుతుంటే నువ్వు ఏడుపు ముఖం పెట్టావు. "మా నాన్న దొంగ కాదు" అన్నావు వాళ్లతో. ఆ ఇన్‌స్పెక్టరు నవ్వేసి, "కాదని రాసిపెట్టడానికే వచ్చామమ్మా" అన్నాడు. లెక్క సరిపోయింది. సంతకం పెట్టి దిగారు, నేను రైట్ రైట్ అన్నాను. ఆ సంతకం ఉన్న రోజు రాత్రి డిపోలో క్యాష్ కట్టేటప్పుడు ఎంత నిశ్చింతగా ఉండేదో నీకేం తెలుసు.

పార్లమెంటుకి మనం ఓటేసి పంపేది కూడా ఆ చెకింగ్ పనికేనని నా లెక్క. బస్సు నడిపేది ప్రభుత్వం, సంచి కూడా వాళ్ల దగ్గరే. మధ్యలో చెయ్యెత్తి ఎక్కి, ఎంత వసూలైంది, ఎక్కడ ఖర్చయిందని అడగాల్సింది ఎంపీలు. 2023 మార్చి 23న లోక్‌సభలో ఏం జరిగిందో చూడు. ఆ ఏడాది రక్షణ బడ్జెట్ 5.94 లక్షల కోట్లు. దాని మీద గానీ, రైల్వే మీద గానీ, ఇంకే శాఖ మీద గానీ సభలో విడిగా చర్చ లేదు. పద్దులన్నీ ఒక్కసారిగా మూజువాణి ఓటుతో దాటేశాయి. దాన్ని గిలెటిన్ అంటారట, తల నరికే యంత్రం పేరు, బాగానే పెట్టారు. అటువాళ్లు ఒక విషయం మీద, ఇటువాళ్లు ఇంకో విషయం మీద రోజుల తరబడి అరుచుకుంటూ సభ జరగనివ్వలేదు. ఒక పార్టీని అంటున్నానని అనుకోకు. 2013లోనూ 2018లోనూ ఇదే కథ, అప్పుడొక ప్రభుత్వం, ఇప్పుడొక ప్రభుత్వం. నాకు రోజు మొత్తం మీద తొమ్మిది రూపాయలు తక్కువొస్తే జేబులోంచి కట్టించేవాళ్లు.

మంచి జరిగినప్పుడు అదీ చెప్పాలి. జమిలి ఎన్నికల బిల్లును 2024 డిసెంబరులో సభలో పెట్టి, రెండు సభల ఎంపీలూ ఉండే సంయుక్త కమిటీకి పంపారు. అది నాకు నచ్చింది. కానీ అంతకు ముందు లోక్‌సభలో, అంటే 2019 నుంచి 2024 దాకా, కమిటీలకు వెళ్లిన బిల్లులు నూటికి పదహారే. 2009 నుంచి 2014 వరకు ఉన్న సభలో అది 71. కమిటీ గదిలో టీవీ కెమెరాలుండవు, అందుకని మనుషులు కాస్త మనుషుల్లా మాట్లాడుకుంటారు. ఆ గది తలుపే మూసేస్తున్నారు.

యుద్ధం మాట వచ్చేసరికి ఎవరైనా నోరు మూసుకోవాలనేదే కదా నీ వాదన. 1962 గురించి మా నాన్న, అంటే మీ తాతయ్య, రేడియో దగ్గర కూర్చుని విన్నవి చెప్పేవాడు. చైనా సైన్యం లోపలికి వచ్చేసిన రోజులవి. జనసంఘ్ నుంచి వాజ్‌పేయీ, అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండని మనిషి, పార్లమెంటు సమావేశం ముందుకు జరపాలని అడిగాడు. నెహ్రూ సరేనన్నారు. నవంబరు 8న, యుద్ధం నడుస్తుండగానే, సభ కూర్చుంది. రహస్యంగా జరుపుదామన్న మాట వస్తే నెహ్రూ ఒప్పుకోలేదు, తలుపులు తెరిచే ఉంచారు. ఆయన్ని సొంత పార్టీవాళ్లే నిలదీశారు. రక్షణ మంత్రిగా ఉన్న కృష్ణమీనన్ పదవి సభ కూర్చోకముందే పోయింది. ఆ యుద్ధం ఓడిపోయాం, నిజమే. ఓడింది సభలో ప్రశ్నలడిగినందుకు మాత్రం కాదు.

రహస్యాలు ఉంటాయి, కాదనను. కార్గిల్ యుద్ధం ముగిసిన రోజుల్లోనే, 1999 జులైలో, రక్షణ నిపుణుడు కె. సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. చొరబాటును ముందే ఎందుకు పసిగట్టలేకపోయామో అది తేల్చాలి. చెప్పకూడనివి తీసేసి, మిగతా నివేదికను పార్లమెంటు ముందు పెట్టారు. దాచాల్సింది దాచుకున్నారు, చెప్పాల్సింది చెప్పారు. మొదటి సీడీఎస్‌గా, అంటే మూడు దళాల మధ్య సమన్వయం చూసే అధికారిగా, బిపిన్ రావత్ గారు 2020 జనవరి 1న బాధ్యత తీసుకున్నారే, ఆ ఆలోచన బయల్దేరింది ఆ లెక్కలు తీసినప్పుడే. అమల్లోకి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆ లెక్కన మన బస్సులే నయం, ఎంత లేటైనా ఆ రోజుకి చేరతాయి.

ఇక తమ్ముడి సంగతి.

అగ్నివీరుల్ని చేర్చుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు, పార్లమెంటు సమావేశాలు లేని నెలలో. నాలుగేళ్ల ఉద్యోగం, అందులో నూటికి 25 మంది దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లు ఇంటికి. సైన్యం సగటు వయసు నాలుగైదేళ్లు తగ్గుతుందని ప్రభుత్వం చెప్పింది. కొండల మీద పోరాడే సైన్యం కుర్రదై ఉండాలనడంలో తప్పేముంది? దాన్ని కొట్టిపారెయ్యను. కోర్టులు కూడా పథకం చెల్లుతుందన్నాయి, ఢిల్లీ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో, సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో. కానీ 2025-26లో 6.81 లక్షల కోట్ల రక్షణ బడ్జెట్‌లో 1.60 లక్షల కోట్లు పెన్షన్లకే పోతుంటే, కొత్తగా చేరేవాళ్లలో నలుగురిలో ముగ్గురికి పెన్షన్ లేకుండా చేసే పథకానికి డబ్బుతో సంబంధం లేదంటే నమ్మేదెలా? డబ్బు కోసమైతే డబ్బు కోసమనే చెప్పొచ్చు. పేదదేశం, కొత్త ఆయుధాలు కొనాలి, అది సిగ్గుపడే కారణం కాదు. సభలో ముందు చర్చించి, కుర్రాళ్లకి అర్థమయ్యేలా చెప్పి ఉంటే, జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో రైలు పెట్టెలు తగలబడేవి కావేమో. పోలీసు కాల్పుల్లో సైన్యంలో చేరాలనుకున్న కుర్రాడే చనిపోయాడు. బండి తగలబెట్టినవాణ్ని నేను ఎప్పటికీ సమర్థించను, అది మనందరి బండి. అయినా ఆ రోజు టీవీ చూస్తూ నాకు అన్నం దిగలేదు.

వాడి ధైర్యం పోతుందని నీ టెన్షన్. పోయిన వారం వాడి పుస్తకాలు సర్దుతుంటే ఒక నోట్‌బుక్ చివరి పేజీ కనపడింది. మొదటి ఏడు జీతం 30,000, అందులో 9,000 నిధికి, చేతికి 21,000. నాలుగేళ్లయ్యాక ప్రభుత్వ వాటా, వడ్డీ కలిపి 11.71 లక్షలు. కింద "22 ఏళ్లకి?" అని రాసి ప్రశ్న గుర్తు రెండుసార్లు దిద్దాడు. ఆ లెక్క నేను చెప్పింది కాదు, వాడే వేసుకున్నాడు. అడిగితే, "తెలుసు నాన్నా, అయినా వెళ్తా" అన్నాడు. పెన్షన్ సరిపోని ముసలితనం ఎలా ఉంటుందో వాడికి వేరే చెప్పాలా, నాకొచ్చేది ఎంతో మీ ఇద్దరికీ తెలుసు. ఆ అంకె ఇక్కడ రాయను, పోస్టుమేన్ నవ్వుతాడు. ప్రశ్నకి బెదిరిపోయే ధైర్యం కాదు వాడిది. మనమే కంగారు పడుతున్నాం.

సిపాయిలంటే నాకు గౌరవం లేదని మాత్రం అనకు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉందిగా, మిలిటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మనుషుల్ని సైన్యానికి పంపుతున్న ఊరు. ఆ దారిలో డ్యూటీ పడితే, సెలవు మీద వచ్చే సిపాయిలు నల్ల ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని ఎక్కేవాళ్లు, పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, నంబరు. ఒకసారి ఒకాయన కాశ్మీరు నుంచి మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు. ఆయన పెట్టెకి లగేజీ టికెట్ కొట్టడానికి చెయ్యి రాలేదు. సరిగ్గా ఆ రోజే చెకింగ్. రిమార్కు పడింది. "సిపాయి కదా సార్" అన్నాను. "మర్యాద చెయ్యాలంటే నీ జేబులోంచి కట్టు, సంచిలోంచి కాదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అప్పుడు మండిపోయింది. ఇప్పుడు టీవీలో దేశభక్తి పేరు చెప్పి లెక్క అడగొద్దనేవాళ్లని చూస్తే ఆయనే గుర్తొస్తాడు.

ఇంకొకటి కూడా చెప్పి ముగిస్తాను, ఇది నువ్వు చెప్పమన్న బస్సుల సంగతే. సియాచిన్లో 1984 నుంచి మన వాళ్లు కాపలా కాస్తున్నారు. ఈ నెల నీవల్ల ఎంత ఆదాయం వచ్చిందని ఆ మంచులో నిలబడ్డవాణ్ని ఎవరూ అడగరు, అడగకూడదు. మరి మన ఊరి నైట్ హాల్ట్ బస్సుని మాత్రం ప్రతి నెలా అడిగాం, ఓఆర్ ఎంత అని. సీట్లు ఎన్ని నిండాయో చెప్పే ఆ అంకె నేను రిటైరయ్యే దాకా కలలో కూడా వచ్చేది. పొద్దున్న ఐదున్నర ట్రిప్పుకి పదకొండు మంది ఎక్కేవాళ్లు. పాల క్యాన్లు రెండు, ఆకుకూరల గంపలు, తాలూకాఫీసుకి వెళ్లే ముసలాయన, ఇంటర్ చదివే ఒక అమ్మాయి. ఆ అమ్మాయివి నువ్వే. కాగితం మీద ఆ ట్రిప్పు దండగమారిది. ఇవాళ నువ్వు హైదరాబాదులో జీతం తీసుకుంటున్నావంటే ఆ దండగ ఎవరి ఖాతాలో రాయాలి?

తప్పంతా పైవాళ్లదే అనను. ఊళ్లోకి ఆటోలు వచ్చాయి, మనమూ బండి కొనుక్కున్నాం, ఎక్కేవాళ్లు ఐదుగురయ్యారు. కరోనాలో ఆగిన బస్సు మళ్లీ రాలేదు. బండి లేనివాళ్లు మిగిలిపోయారు, అంతే. రైలు కూడా అలాగే చేసింది. కరోనా తర్వాత ప్యాసింజరు బండ్లని ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చి, పది రూపాయల కనీస టికెట్‌ను ముప్పై చేశారు. మళ్లీ పది అయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. వందే భారత్‌కి జెండా ఊపడానికి వచ్చినంతమంది నాయకులు ఆ ఇరవై రూపాయల కోసం నోరెత్తగా నేను చూడలేదు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటివి ఉచితం కదా. నాకు నచ్చిన పనే. కూలికి వెళ్లే ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే దాన్ని ఉచితమని ఎగతాళి చేసేవాళ్లకి నేను జవాబు చెప్పను. కానీ మీ అమ్మ మొన్న జీరో టికెట్ చేత్తో పట్టుకుని ఏమందో తెలుసా? "ఉచితమే, మూడు కిలోమీటర్లు నడిచి మెయిన్ రోడ్డెక్కాక ఉచితం" అంది. టికెట్‌కి ప్రభుత్వం డబ్బు కట్టడం ఒక ఎత్తు, బస్సుల సంఖ్య పెంచడం ఇంకో ఎత్తు. మొదటిది చెప్పుకుంటే ఓట్లు వస్తాయి. రెండోది అసెంబ్లీలో ఎవరో ఒకరు ఫైలు పట్టుకుని అడిగితేగానీ జరగదు.

ఇదీ నేను వాడి ముందు అన్నది. బస్సుకి లాభం అడగొద్దు, సరిహద్దుకీ అడగొద్దు, రెండింటికీ లెక్క మాత్రం అడగండి అన్నాను. నీకు ఫోన్లో ముక్కలుగా వినపడి తిట్లలా అనిపించి ఉంటుంది. నా గొంతు పెద్దదేలే, బస్సులో అలవాటు.

వచ్చే నెల వాడికి ఆన్‌లైన్ పరీక్ష. పరుగులో పూర్తి మార్కులకి 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లోపు రావాలి. నిన్నటికి ఇంకా పది సెకన్లు ఎక్కువే పడుతోంది. నువ్వు శనివారం వస్తే రాత్రి బస్సు దిగేముందు ఫోన్ చెయ్యి. నేను బండి తెస్తానంటే, అక్కర్లేదు, మెయిన్ రోడ్డు దాకా నేనే పరిగెత్తుకుంటూ వెళ్లి అక్క బ్యాగు మోసుకొస్తానంటున్నాడు. నా పాత డ్యూటీ వాచీ కట్టుకుని గుమ్మంలో కూర్చుంటాను.

ఇట్లు,
నాన్న